జబ్బు లేని వైపు

మా వదినకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పబోతే చెవులు ఎర్రబడతాయి. అన్నయ్య కొత్త చొక్కా తొడుక్కుని ఎలా ఉందని అడిగితే, ఆమె బాగుందనేలోపే మేమిద్దరం ఆమె చెవుల వైపు చూసేవాళ్లం. అలాంటి మనిషి జన్మకు ఒక్క అబద్ధం అతికినట్టు చెప్పింది. అదీ నేను పనిచేసే ఆస్పత్రిలో, నేను పక్కగదిలో ఉండగా. ఆ పూట ఆమె చెవులు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. మనుషుల్ని గొట్టంలోకి పంపి, అద్దానికి ఇవతల కూర్చుని వాళ్ల లోపలి బొమ్మలు తీస్తాను. అన్నయ్య నన్ను 'కెమెరా' అని పిలుస్తాడు. ఏళ్ల తరబడి అదే జోకు. చెప్పడానికి ఆయనకు విసుగు రాదు, వినడానికి నాకు నవ్వు రాదు. నేను పెళ్లి చేసుకోలేదు, వాళ్లింట్లోనే ఉంటాను. వాళ్లకు పిల్లలు లేరు. ఈ ఇంట్లో పిల్లా నువ్వే, అత్తగారూ నువ్వేనని వదిన నన్ను దెప్పుతుంటుంది.

వదిన ఒక డ్రైక్లీనింగ్ దుకాణంలో రఫూ పని చేస్తుంది. నిప్పురవ్వ పడి చిల్లుపడ్డ కోటో, ఎలుక కొట్టిన శాలువానో ఎవరైనా తెచ్చిస్తే, ఆ బట్ట అంచులోంచే దారాలు లాగి, పడుగూ పేకా మళ్లీ అల్లి, చిల్లు ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చేసేస్తుంది. పని చేసేటప్పుడు బట్ట వంక చూడదు. కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటుంది. కళ్లతో కుడితే అతుకు తెలుస్తుందట, వేళ్లతో కుడితేనే కలిసిపోతుందట. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం తల పైకెత్తి చెప్పేది.

రొమ్ములో గడ్డను పట్టుకున్నదీ ఆ వేళ్లే. చిన్న శనగగింజంత. డాక్టర్ల చేతికే అది రెండోసారి తడిమితే గానీ దొరకలేదు.

సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరేనని తేలింది. గడ్డ ఎంతవరకు పాకిందో చూడాలని స్కాన్‌కు మా దగ్గరకే పంపారు. మా దగ్గర సొంతవాళ్ల స్కాన్ సొంతవాళ్లు తీయరు. చెయ్యి వణుకుతుందని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. నా చెయ్యి వణికేది కాదు. ఆ వారమంతా నాకు ఏమీ అనిపించలేదు. మిన్ను విరిగి మీద పడితే మనిషి ఏడుస్తుందనుకునేదాన్ని. నేను మాత్రం వచ్చినవాళ్లందరికీ నరం వెతికి సూది పెట్టి, బోర్లా పడుకోబెట్టి, కదలకండని చెబుతూనే ఉన్నాను. ఆకలి వేసేది కాదు, పెడితే తినేదాన్ని. వదిన స్కాన్ నా తోటి టెక్నీషియన్ తీశాడు. నేను పక్కగదిలో నడుం నొప్పితో కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. గొట్టం చేసే చప్పుడు గోడలోంచి వీపుకు తగులుతూనే ఉంది.

ఈ స్కాన్ సంగతి కాస్త చెప్పాలి. ముందు మామూలు బొమ్మలు తీస్తాం. తర్వాత నరంలోకి ఒక మందు ఎక్కించి, వరసగా మళ్లీ తీస్తాం. గడ్డ ఆ మందును ఆబగా పీల్చుకుని భగ్గున వెలుగుతుంది, అంతే తొందరగా వదిలేస్తుంది. మంచి కండ నిదానంగా, మసగ్గా వెలుగుతుంది. అందరూ చూసేది గడ్డనే. మా ఆస్పత్రిలో బొమ్మలు చదివే డాక్టరమ్మ మాత్రం జబ్బు లేని రెండో రొమ్మును చూస్తుంది. ఆమె ఒక పరిశోధన నడుపుతోంది. వదినకు వచ్చిన రకం క్యాన్సర్‌లో, ఆ మంచి వైపు బాగా వెలిగినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తక్కువేమోనని ఆమె అనుమానం. దొంగను వదిలేసి పక్కింటివాణ్ణి నిలదీసినట్టుందని నేనంటే, పక్కింటివాడికే అసలు సంగతి తెలుస్తుందని ఆమె అంది.

దాంట్లో ఒక మెలిక ఉంది. నెలసరి దగ్గరపడే కొద్దీ ఆ మంచి కండ హార్మోన్ల పొంగుకు ఊరికే వెలుగుతుంది. అది వేరే వెలుగు, దానికీ రేపటికీ సంబంధం లేదు. అందుకని స్కాన్‌కు ముందు డేట్ ఎప్పుడొచ్చిందని అడుగుతాం. రెండోవారంలో వెలిగితే అది మనిషి సొంత వెలుగు, నాలుగోవారంలో వెలిగితే నెలసరిది కావొచ్చు. లెక్కంతా ఆ ఒక్క జవాబు మీదే నిలబడుతుంది.

వదిన పోయిన వారమే వచ్చిందని చెప్పింది.

గడ్డ తీసేశారు. గాయం మానాక క్యాన్సర్ వైద్యం చూసే పెద్ద డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. మీరు గట్టు మీద ఉన్నారమ్మా, ఎటువైపైనా దిగొచ్చు అన్నాడు. కీమో ఇంజెక్షన్లు తీసుకున్నా తప్పు కాదు, రోజూ ఒక హార్మోన్ మాత్రతో సరిపెట్టుకున్నా తప్పు కాదు. జుట్టు పోతుంది, మళ్లీ వస్తుంది. వేళ్ల చివర్లు మొద్దుబారొచ్చు, చాలామందికి తిరిగి బాగవుతాయి, కొందరికి కావు. వదిన జుట్టు గురించి ఒక్క ముక్క అడగలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

అప్పుడాయన పరిశోధనలో జబ్బు లేని వైపు వెలుగుకు వేసిన మార్కు సంగతి కూడా చెప్పాడు. రెండోవారంలో ఆ వైపు అంత బాగా వెలగడం మంచి గుర్తేనట. ఇది ఇంకా పరీక్షలో ఉన్న లెక్క, దీన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దని కూడా ఆ నోటితోనే అన్నాడు. అన్నయ్యకు వినపడింది మంచి గుర్తు అన్నంతవరకే. వదిన సరే, అయితే మాత్ర చాలండి, అని లేచింది.

ఇల్లు తేరుకుంది. వదిన మాత్ర మొదలుపెట్టి దుకాణానికి వెళ్లిపోయింది. అన్నయ్య మళ్లీ కెమెరా, కెమెరా అంటూ ఇంట్లో తిరిగాడు. సంతోషం నా దాకా రాలేదు. వస్తుందిలే, దారిలో ఉందేమో అనుకున్నాను.

కొన్ని వారాలకు డాక్టరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. రెండు తెరల మీదా ఒకే మనిషి బొమ్మలున్నాయి. పరిశోధనలో ప్రతి బొమ్మనూ రెండో డాక్టరు ఎవరో ఏమిటో తెలియకుండా మళ్లీ చదువుతారు. ఆ రెండో డాక్టరు వీటిని చూసి, ఇది నాలుగోవారం బొమ్మలా ఉందే అన్నాడట. డాక్టరమ్మ కూడా మళ్లీ చూసింది. రెండు వైపులా ఒకే తీరుగా, చుక్కలు చుక్కలుగా వెలుగు. కొందరికి రెండోవారంలోనూ ఇలా ఉండొచ్చు, ఎందుకైనా మంచిది, మీ వదినను ఒకసారి ఇంట్లో అడుగు, అంది. చావుకబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. పాపం, ఆమె మామూలు గొంతుతోనే అడిగింది.

నాకు అడగాల్సిన పని లేదు. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లం. ఏళ్లుగా మా ఇద్దరి డేట్లూ అటూ ఇటూగా కలిసే వస్తున్నాయి. వేడినీళ్ల సంచీ ఒక్కటే, దానికోసం ఇద్దరం తగువులాడుకుంటాం కూడా. స్కాన్ రోజు నేను గోడకు ఆనుకుని నిలబడ్డ నడుం నొప్పి ఎందుకొచ్చింది మరి? మర్నాడు నాకు డేట్ వచ్చింది. వదినకూ అప్పుడే వచ్చి ఉండాలి. ఇంత తెలిసిన దాన్ని ఇన్నాళ్లూ ఒక్కసారి ఆలోచించలేదు. బుర్ర ఉండీ లేనట్టే తిరిగాను.

అడిగి చెబుతానని డాక్టరమ్మతో అని, మిగతా పేషెంట్లను పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లాను. అన్నయ్య ఇంకా రాలేదు. వదిన వంటింట్లో నిలబడి కూరగాయలు తరుగుతోంది. చూడకుండానే తరుగుతుంది ఆమె, కత్తి వేలి పక్కనుంచే వెళుతుంది కానీ తగలదు.

"స్కాన్ రోజు డేట్ ఎప్పుడని చెప్పావు వదినా?" అన్నాను.

చెవులు ఎర్రబడ్డాయి.

దాచలేదు, చెప్పేసింది. ఆమె కంటే ముందు కూర్చున్న ఒకావిడను మా టెక్నీషియన్ డేట్ అడిగి, ఇప్పుడు కుదరదు, పది రోజులాగి రండి అని పంపించేశాడట. ఆవిడ చేతిసంచీ సర్దుకుని వెళ్లిపోవడం వదిన చూసింది. తననూ అలాగే పంపేస్తారని భయం పట్టుకుంది. ఆ గడ్డ లోపల పెట్టుకుని ఇంకో పది రోజులు పడుకోవడం తన వల్ల కాదనిపించిందట. డేట్ ఎప్పుడైతే క్యాన్సర్‌కు ఏం పట్టింది, అనుకుని నోటికొచ్చింది చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. చాలా రోజుల తర్వాత నాకు ఏదో అనిపించింది, అది కోపం. ఆవిడ ఏ జబ్బూ లేక ఊరికే చూపించుకోవడానికి వచ్చిన మనిషి, ఆవిణ్ణి పంపొచ్చు. నీకు గడ్డ ఉందని తెలిసే వచ్చావు, ఏ వారమైనా నీకు తీసేవాళ్లం, ఎవరూ నిన్ను వెనక్కి పంపేవాళ్లు కాదు, అని అరిచినంత పని చేశాను. పక్కగదిలో నన్ను పెట్టుకుని ఒక్కమాట అడగొచ్చు కదా అన్నాను. అడిగితే ఏమయ్యేదని ఆమె అంది. అప్పుడు ఆ జవాబు ఏం చేసిందో చెప్పాల్సి వచ్చింది. మంచి గుర్తు అన్నది దేని మీద నిలబడిందో, అది ఇప్పుడు ఎలా కూలిందో అంతా చెప్పాను.

వదిన కత్తి కింద పెట్టింది.

"అయితే ఆ వెలుగు నాది కాదా?"

"కొంత నీదే కావొచ్చు. కొంత నెలసరిది. విడదీయడం కుదరదు."

మళ్లీ తీయొచ్చుగా అంది. తీసినా లాభం లేదన్నాను. ఆమె వేసుకుంటున్న మాత్ర ఆ వెలుగును తగ్గించేస్తుంది. ఒకప్పటి వెలుగు ఇక ఎవరికీ దొరకదు. వదిన తరిగిన ముక్కల వంక చూసింది. కొన్ని ఎక్కువ తరిగేశానే అంది. ముక్కలు పక్కకు నెట్టి, చెప్పకు, అంది. మీ డాక్టరమ్మకు పోయిన వారమేనట అని చెప్పెయ్. అందరం హాయిగా ఉన్నాం కదా.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఆమె ఇంజెక్షన్ల దాకా వెళ్లాలి. చెప్పకపోతే తప్పుడు లెక్క మీద ఆమె ప్రాణాన్ని నేనే నిలబెట్టినట్టు. నాకు నోరు మంచిది కాదు, అది ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ సాయంత్రం అన్న మాట అనకుండా ఉండాల్సింది. మనిషివే పోయాక వేళ్లు ఏం చేసుకుంటావు వదినా, అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. చేతులు కడుక్కుని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"పోతానో లేదో మీ ఎవరికీ తెలీదు. వేళ్లు మాత్రం నావి, ఉన్నాయి."

అన్నయ్య తలుపు తీసుకుని వచ్చాడు. కెమెరా ఏంటి, ఇవాళ ఫ్లాష్ కొడుతోంది, అన్నాడు నా మొహం చూసి. ఎవరూ నవ్వలేదు. ఆయన బూట్లు విప్పుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను డాక్టరమ్మ దగ్గరకు వెళ్లలేదు. ఇద్దరు పేషెంట్లయ్యాక వెళదాం, ముగ్గురయ్యాక వెళదాం అనుకుంటూ సూదులు గుచ్చుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి స్కాన్ గది బయట బెంచీ మీద వదిన కనిపించింది. దుకాణంలో సెలవు చెప్పి వచ్చిందట. ఏమిటిలా వచ్చావంటే, నేనే చెబుతానంది. నువ్వు చెబితే నీ మీద కోపం పెట్టుకోవాలి, ఒకే ఇంట్లో ఉంటూ అంత ఓపిక నాకెక్కడిది, అంది. ఆ మాటకు నేను నవ్వానో ఏమో గుర్తులేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. చెప్పినందుకు మంచిదమ్మా అంది. వదిన తన బొమ్మలు చూపించమని అడిగింది. డాక్టరమ్మ తెర ఇటు తిప్పి, మందు ఎక్కకముందు, ఎక్కాక, ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. నల్లటి తెర మీద జబ్బు లేని వైపు నెమ్మదిగా తెల్లబడింది. వదిన ముందుకు వంగి, తెర దగ్గరగా వేలు పెట్టింది. తాకలేదు.

"ఇందులో నా అబద్ధం ఎంతండీ?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. అది చెప్పగలిగే వాళ్లెవరూ లేరమ్మా అంది. ఈ మార్కును పరిశోధనలోంచి తీసేస్తాం, పెద్ద డాక్టరు చెప్పిన ఆ గట్టు మీదకే మీరు మళ్లీ వచ్చారనుకోండి. మీలాంటి వాళ్లు నూరు మంది ఇంజెక్షన్లు తీసుకుంటే కొద్దిమందికే వాటివల్ల మేలు, మిగతావాళ్లు ఎలాగూ బాగుండేవాళ్లే. ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో చూపించే బొమ్మ నా దగ్గర లేదు. తీసుకోవాలంటే మాత్రం ఇక ఆలస్యం చేయకూడదు. ఇంత సూటిగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

బయటికి వచ్చాక వరండాలో వదిన ఆగింది. స్ట్రెచర్ ఒకటి వస్తుంటే ఇద్దరం గోడ పక్కకు జరిగాం. అది వెళ్లిపోయేదాకా ఉండి, నా వైపు తిరిగింది.

"నువ్వైతే ఏం చేస్తావు?"

ఈ ప్రశ్న నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. గొట్టంలోంచి బయటికి లాగగానే, ఇంకా బోర్లా ఉండగానే అడుగుతారు. డాక్టరుగారు చెబుతారండి అనడం మాకు నేర్పిన మొదటి పాఠం. అది అనొచ్చు. అన్నయ్యను అడుగు అనొచ్చు. తెలీదు వదినా అనొచ్చు, అది నిజం కూడా. "తీసుకుంటాను" అన్నాను, ఆమె ప్రశ్న పూర్తయిందో లేదో అన్నంత వేగంగా.

ఎందుకన్నానో నాకు తెలుసు. నాకు ఆమె కావాలి. వేళ్లున్నా లేకపోయినా, పని ఉన్నా లేకపోయినా, నాతో తగువులాడడానికి ఆ ఇంట్లో ఆమె ఉండాలి. నువ్వైతే అని ఆమె అడిగితే నేను చెప్పింది నా సంగతే, ఆమె సంగతి కాదు. ఆమె సరేనంది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పెద్ద డాక్టరు గదివైపు నడిచింది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. జుట్టు రాలింది, వాంతులయ్యాయి, నోరు పూసింది. అన్నయ్య జోకులు మానేసి, దినపత్రికలో పడ్డ జోకులు బయటికి చదివేవాడు. అవీ నవ్వొచ్చేవి కావు. సగం అయ్యేసరికి వదిన జాకెట్టు హుక్కులు చూసుకుని పెట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేది. వేడి తెలియడం లేదని చెప్పేది కాదు, నేను చూసి తెలుసుకున్నాను. పెద్ద డాక్టరు మందు మోతాదు తగ్గించాడు, ఆఖరి ఇంజెక్షన్ మానేయించాడు కూడా.

జుట్టు తిరిగొచ్చింది. వదిన దుకాణానికి వెళ్లింది. మొదటగా ఒక కోటు భుజం మీద చిల్లు ఇచ్చారు. వీధి చూస్తూ కుట్టడం కుదరలేదు, దీపం కిందకు దించుకుని కుట్టింది. కుట్టడం అయ్యాక వెలుతురులో పట్టుకుని చూసింది. అతుకు కనిపిస్తోంది, అంది. దుకాణం యజమాని మంచివాడు, ఎక్కడ, నాకేం కనిపించడం లేదే అన్నాడట. వదిన కోటు మడిచి ఆయన చేతిలో పెట్టి, నన్ను కౌంటర్ దగ్గర వేయండి, అని అడిగింది. ఇప్పుడు వచ్చినవాళ్ల బట్టలు తీసుకుని చీటీ ఇస్తుంది. ఇదంతా అన్నయ్య చెబితే నాకు తెలిసింది.

నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. నీ మాట విని చెడ్డానే అంటే, పడి ఉండేదాన్ని. ఆమె మాత్రం ఎప్పటిలాగే నాకు అన్నం పెట్టింది, నా చీరకు పిన్ను పెట్టబోయి నువ్వే పెట్టుకో అంది, టీవీ చూస్తూ నిద్రపోయింది. నేనూ ఎప్పటిలాగే తిన్నాను, పనికి వెళ్లాను, ఇంకొకరికి నరం వెతికాను. వేళ్లు బాగుపడతాయా అని పెద్ద డాక్టర్ను ఒంటరిగా అడిగితే, ఇన్నాళ్లకు రాకపోతే అంతేనేమో అన్నాడు. ఈ మాట నేను ఇంట్లో చెప్పలేదు. ఆమెకూ తెలిసే ఉంటుంది.

ఏడాది పరీక్షకు ముగ్గురం వెళ్లాం. ఈసారి వదిన బొమ్మలు నేనే తీస్తానని పట్టుబడితే, ఎవరూ అడ్డం చెప్పలేదు. తీశాను, చెయ్యి వణకలేదు. బొమ్మలు చదవడం నా పని కాదు, ఏళ్ల తరబడి చూస్తున్న కళ్లు కాబట్టి ఏదో కొంత తెలుస్తుంది. అయినా డాక్టరు నోటివెంట వినేదాకా నమ్మకూడదని ఊరుకున్నాను.

పెద్ద డాక్టరు గదిలో మేజాకు ఇవతల మూడు కుర్చీలు. వదిన మధ్యలో కూర్చుంది. ఆయన అన్నీ తిరగేసి, ఎక్కడా ఏమీ లేదమ్మా, శుభ్రంగా ఉంది, అన్నాడు. అన్నయ్య జేబురుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకూ ఏడుపొచ్చేసింది. ఏడాదిపైగా ఎక్కడికి పోయిందో తెలియనిదంతా ఒక్కసారిగా వచ్చిపడింది. వదిన ఒళ్లో ఉన్న వేళ్లను దొరకబుచ్చుకుని, నా గుప్పిట్లో పెట్టుకుని గట్టిగా నొక్కాను.

వదిన డాక్టరు వంకే చూస్తోంది.

"ఆ ఇంజెక్షన్లు లేకపోయినా ఇలాగే ఉండేదేమో కదండీ?"

"ఉండేదేమో," అన్నాడాయన. "ఉండేది కాదేమో. ఇక తెలిసే దారి లేదమ్మా."

మంచిది, అంది వదిన. మాత్ర మానొద్దని, మళ్లీ ఏడాదికి రమ్మని ఆయన చెబుతుంటే శ్రద్ధగా తల ఊపింది. నేను ఇంకా నొక్కుతూనే ఉన్నాను. నా కన్నీళ్లు నా గుప్పిటి మీదే పడుతున్నాయి, తుడవడానికి నాకు ఇంకో చెయ్యి రావడం లేదు. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ గుప్పిటే అడుగుతోందనుకున్నాను. ఆమె వేళ్లు వెనక్కి తీసుకోలేదు కదా, అంటే విన్నట్టే, ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

డాక్టరు లేచాడు. వదిన కూడా లేవబోయింది. చెయ్యి రాకపోయేసరికి ఏమిటా అన్నట్టు కిందికి చూసింది. నా గుప్పిట్లో ఉన్న తన వేళ్లను చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"ఎప్పుడు పట్టుకున్నావు?" అంది.